తల కొంచెం ఇటు తిప్పుతాను

కొలంబియా, దక్షిణ కరోలినా
1955 అక్టోబరు 2

పెద్దమ్మకు,

కవరు మీద ముద్ర చూడగానే నీకు అనుమానం వచ్చే ఉంటుంది. నేను కాలేజీలో లేను. సెలవుల తరవాత నువ్వు నన్ను కాలేజీ బస్సెక్కించి, కిటికీలోంచి మొక్కజొన్న రొట్టె మూట అందించి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డావు. ఆ బస్సు కొలంబియాలో ఆగినప్పుడు దిగిపోయాను. నువ్వు నిలబడ్డ తీరు కళ్ళ ముందు కదులుతూనే ఉంది, అయినా దిగాను.

ఇక్కడ మిసెస్ ఫెనెల్ అని ఒకావిడ మన నల్లపిల్లల కోసం బ్యూటీ స్కూల్ నడుపుతున్నారు. అందులో చేరాను. వచ్చే వేసవికల్లా ప్రభుత్వ పరీక్షకి కూర్చోవచ్చు. గట్టెక్కితే లైసెన్స్ ఇస్తారు. ఫీజుకి నేను పొగాకు కొట్టంలో పనిచేసిన జీతం సరిపోయింది. నీ చేతి డబ్బు ముట్టుకోలేదు.

మొదటి వారమంతా చీపురూ తువ్వాళ్ళతోనే గడిచింది. నిన్ననే ఉంగరాల జుట్టు సాపు చేసే ఇత్తడి దువ్వెన చేతికిచ్చారు. పొయ్యి మీద కాల్చి, తెల్ల కాగితం మీద ఆనించి చూడాలి. కాగితం గోధుమరంగుకి తిరిగిందంటే ఇంకా చల్లారలేదన్నమాట. నేను తొందరపడ్డాను. మిసెస్ ఫెనెల్ నా మణికట్టు పట్టుకుని ఆపి, "ఏం పిల్లా, అది తల అనుకున్నావా, ఇస్త్రీ బల్ల అనుకున్నావా? అవతల మనిషి చెవి కూడా అక్కడే ఉంటుంది, చూసుకో" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, దువ్వెనని మళ్ళీ కాగితం మీద ఆనించాను.

నన్ను టీచర్‌ని చెయ్యాలని నువ్వు పడ్డ పాట్లు నాకు తెలుసు. ఇదెందుకు ఎంచుకున్నానో చెప్పడానికి మాత్రం ఇంకా మాటలు కుదరడం లేదు. కుదిరినప్పుడు రాస్తాను. తిట్టాలనిపిస్తే తిట్టు, ఉత్తరం మాత్రం మానకు.

నీ
ఆర్నెటా

కేడ్స్‌బరో
1955 అక్టోబరు 16

ఆర్నెటాకు,

నీ ఉత్తరం ఎర్ర పెన్సిలు పక్కన పెట్టుకుని చదివాను. దిద్దడానికి ఒక్క తప్పు దొరకలేదు. అదే నా బాధ. ఇంత శుభ్రంగా రాయగల పిల్ల తలలు కడుగుతానంటోంది.

మీ అమ్మ డెల్ఫీన్ తెల్లవాళ్ళ ఇళ్ళల్లో బట్టలుతికి, దగ్గుతూ దగ్గుతూ పోయింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, దీన్ని మాత్రం ఎవరి నీళ్ళలోనూ చెయ్యి పెట్టనీకు" అంది. నేను మాటిచ్చాను. ఇప్పుడు నువ్వు నీ అంతట నువ్వే వెళ్ళి నీళ్ళలో చెయ్యి పెట్టావు.

ఆ వృత్తి ఎలా ఉంటుందో నాకు తెలియదనుకోకు. మన ఓజెల్లాని చూడు. శనివారం పొద్దున్న నిలబడితే ఆదివారం ఆరాధన గంట మోగేదాకా కూర్చోదు. కాళ్ళు ఉబ్బి, చెప్పులు పగిలి, వేళ్ళ నిండా కాలిన మచ్చలు. పైగా ఊళ్ళో ఎవరు పోయినా శవపేటిక మూసేలోపు వాళ్ళ జుట్టు దువ్వడానికి ఆవిడనే పిలుస్తారు. సుద్దముక్క పట్టాల్సిన చెయ్యి రేపు అక్కడికీ వెళ్ళాలి.

చర్చిలో అందరూ నీ సంగతి అడిగారు. తలలోని ఎముకల గురించీ నరాల గురించీ చదువుతోందని చెప్పాను. బ్యూటీ స్కూల్లో అవి చెబుతారని ఓజెల్లా ఒకసారి అన్న గుర్తు. కాబట్టి నేను అబద్ధమాడలేదు.

చలి మొదలైంది. నీ గోధుమరంగు కోటు ఇక్కడే ఉండిపోయింది, పంపుతున్నాను.

లుటీషియా గిల్యార్డ్

కొలంబియా
1956 జనవరి 22

పెద్దమ్మా,

కోటు అందింది. జేబులో నువ్వు పెట్టిన పెకాన్ పప్పులు కూడా. చివర్న పూర్తి పేరు సంతకం చేశావు, హాజరుపట్టీలో చేసినట్టు. నాకు నవ్వొచ్చింది, ఆ తరవాత ఏడుపూ వచ్చింది.

నీ సత్యసంధత ఎంత పని చేసిందో తెలుసా? మన చర్చి డీకన్ గారి భార్య ఫ్లోసీ నాకు ఉత్తరం రాసింది. "నర్సమ్మా, నువ్వు ఎముకల చదువు చదువుతున్నావని మీ పెద్దమ్మ చర్చిలో చెప్పింది. నా మోకాలు వానొస్తే చాలు పీకేస్తోంది. ఏదన్నా మందు పంపు తల్లీ, దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు" అని. నేను మోకాలి దాకా చదవలేదనీ, మెడ దగ్గరే ఆగిపోయాననీ ఎలా చెప్పను? వేడి నీళ్ళ కాపడం పెట్టుకోమని రాశాను. ఈ చిక్కు నువ్వే విప్పాలి.

ఇప్పుడు అసలు సంగతి. మాటలు కుదిరాయి.

అమ్మ పోయిన రోజు నన్ను పక్కింటికి పంపేశామని నువ్వు అనుకుంటావు. నేను వెనక గుమ్మంలోంచి తిరిగొచ్చి తలుపు సందులో నిలబడ్డాను. మంచం పట్టిన అన్నాళ్ళూ తల దువ్వక అమ్మ జుట్టు అట్టకట్టి ముద్దయిపోయింది. కత్తిరించెయ్యడమే మేలని ఎవరో అన్నారు. మిస్ ఓజెల్లా ఒప్పుకోలేదు. నూనె రాసి, కొసల నుంచి ఒక్కొక్క పాయే విడదీస్తూ కూర్చుంది. అంతసేపూ అమ్మతో మాట్లాడుతూనే ఉంది. "డెల్ఫీనూ, తల కొంచెం ఇటు తిప్పుతానమ్మా. నొప్పెడితే చెప్పు. అయిపోవచ్చింది, నువ్వు చర్చిలో పాటకెళ్ళే రోజుల్లో ఎలా ఉండేదానివో అలా చేస్తాను, చూడు" అంటూ. దువ్వడం అయ్యాక అమ్మ మళ్ళీ అమ్మలా ఉంది. ఆ రోజు ఆ ఇంట్లో అందరూ ఏడ్చారు, ప్రార్థన చేశారు. అమ్మని నాకు తిరిగి ఇచ్చింది మాత్రం ఆవిడే. నాకు అలాంటి చేతులు కావాలి పెద్దమ్మా.

పరీక్ష మే నెల రెండో మంగళవారం. తల కడగడం, దువ్వెనతో సాపు చెయ్యడం, వేళ్ళతో జుట్టుని అలలుగా తీర్చడం అన్నీ పరీక్షాధికారుల కళ్ళముందు మనిషి తల మీదే చేసి చూపించాలి. ఆ మనిషిని మనమే తెచ్చుకోవాలి. ఇటీవల వేడి దువ్వెన తగలని జుట్టు కావాలి. నీ జుట్టుకి జన్మలో తగల్లేదు. ఎప్పుడూ ఆ ముడి, ఆ టోపీ. నువ్వు రావా? కుర్చీలో కూర్చుంటే చాలు.

నీ
ఆర్నెటా

కేడ్స్‌బరో
1956 మార్చి 4

ఆర్నెటా,

నువ్వు తలుపు సందులో ఉన్నావని నాకు తెలియదు. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, ఆ పేజీ మళ్ళీ చదవడం, పెన్ను పక్కన పెట్టెయ్యడం, ఇదే సరిపోయింది.

ఫ్లోసీ కాపడంతో మోకాలు తగ్గిందట. ఇప్పుడు వాళ్ళ ఆయన నడుము గురించి నీకు రాస్తానంటోంది. నేను ఏం చెప్పినా వినే స్థితిలో లేదు.

మేలో నేను రాలేను. మంగళవారం బడి ఉంటుంది. మూడో తరగతి పిల్లలకి అది ఏడాది చివరి పరీక్షల సమయం. నేను బడి మానిన రోజు లేదని నీకు తెలుసు. నీకు అమ్మవారు పోసినప్పుడు కూడా పక్కింటావిడని కూర్చోబెట్టి వెళ్ళాను.

ఇక్కడ గాలి బాగాలేదు. తెల్ల సూపరింటెండెంట్ గారు టీచర్లని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి ఒక ప్రశ్న అడుగుతున్నారు. బయటికొచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. నా వంతు ఇంకా రాలేదు. నీకెందుకులే ఇవన్నీ. చదువుకో.

పెరట్లో కొలార్డ్ ఆకు ఏపుగా వచ్చింది. తినేవాళ్ళు లేక సగం ఓజెల్లాకి పంపాను.

లుటీషియా గిల్యార్డ్

కొలంబియా
1956 మార్చి 25

పెద్దమ్మకు,

నీ ఇష్టం. నా స్నేహితురాలి పిన్ని కూతురు వస్తానంది. నాకేం లోటు లేదు.

ఒక్కటి మాత్రం అడగాలి. నిజంగా బడి వల్లే రానంటున్నావా? లేకపోతే మిస్ గిల్యార్డ్ టీచరమ్మ పదిమంది ముందు టోపీ తీసి, తల వంచి, తన చెల్లెలి కూతురి చేతికింద కూర్చుందని నలుగురికీ తెలుస్తుందనా? ఎముకల చదువని చెప్పినదానివి దువ్వెన చదువని ఎందుకు చెప్పలేకపోయావు? ఫ్లోసీ సంగతి తలచుకుని నేను నవ్విన మాట నిజమే, తరవాత మాత్రం గుచ్చుకుంది.

చిన్నప్పుడు అమ్మవారు పోసి నేను కాలిపోతుంటే నువ్వు గంట కొట్టకముందే బడిలో ఉన్నావు. నువ్వే గుర్తుచేశావు కాబట్టి అంటున్నాను. నీకు బడే బిడ్డ, నేను కాదు. ఆ బడినే కావిలించుకుని ఉండు.

ఆర్నెటా

కేడ్స్‌బరో
1956 ఏప్రిల్ 29

ఆర్నెటా,

ఆ స్నేహితురాలి పిన్ని కూతురికి రావద్దని చెప్పు. నేను వస్తాను. మంగళవారం నాకు వీలవుతుంది. కారణం అడగకు.

ఏ బస్సుకి రావాలో రాయి.

లు. గి.

కొలంబియా
1956 మే 2

మా మంచి పెద్దమ్మా,

నీ రెండు ముక్కల ఉత్తరం పట్టుకుని వసారాలో గంతులేశాను. మిసెస్ ఫెనెల్ చూసి, "ఏమ్మా, పెళ్ళి కుదిరిందా?" అన్నారు. అంతకన్నా ఎక్కువన్నాను. చూశావా, ఒక్క రోజు బడి మానితే మిన్ను విరిగి మీద పడదు. నీ పిల్లలు కూడా ఒక పూట సంతోషంగా ఉంటారు.

నేను రాసిన పాపిష్టి మాటలు చింపి పొయ్యిలో వెయ్యి.

సోమవారం రాత్రి బస్సుకి వద్దు, మంగళవారం పొద్దుటి మొదటి బస్సుకి రా. తల కడగకు, నూనె పెట్టకు. ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. లోపల మనం మాట్లాడుకోకూడదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు తమ పిల్లకి చిన్న సైగ చేసినా పరీక్ష రద్దు చేస్తారు. తల వంచమనో తిప్పమనో, నొప్పెడితే చెయ్యెత్తమనో నేను చెప్పొచ్చు, అంతే. నువ్వు మాత్రం నోరు విప్పకూడదు. నీకు కష్టమేలే, కానీ ఓర్చుకో. అయిపోయాక సాయంత్రమంతా కబుర్లు చెప్పుకుందాం. మూలన చేపలు వేయించే దుకాణం ఉంది, నీకు కారం ఎక్కువ వేయిస్తాను.

నీ
ఆర్నెటా

కొలంబియా
1956 మే 10

పెద్దమ్మా,

మధ్యాహ్నం రాతపరీక్ష ముగించుకుని బయటికొచ్చేసరికి నువ్వు లేవు. బస్సుకి వెళ్ళిపోయావని గుమ్మం దగ్గరావిడ చెప్పింది. నేను చేపల దుకాణం ముందు చాలాసేపు నిలబడి ఇంటికొచ్చాను.

టోపీ తీసి నీ ఒళ్ళో పెట్టుకున్నావు. పిన్నులు లాగాను. ముడి విప్పగానే అర్థమైంది. నా చిన్నప్పుడు ఆ ముడి నా పిడికిట్లో పట్టేది కాదు, ఇప్పుడు సగం కూడా లేదు. ఎడమ చెవి వెనక వెండి డాలరంత మేర నున్నగా ఉంది, ఒక్క వెంట్రుక లేదు. అది దెబ్బ కాదు, తామర కాదు. మనసులో పెట్టుకుని నిద్ర మానేసినవాళ్ళకి అలా రాలుతుందని మాకు పాఠంలో ఉంది. దువ్వెనలో వచ్చిన వెంట్రుకల్ని పిట్ట గూట్లో పెట్టుకుంటే తలనొప్పి వస్తుందని నువ్వు జాగ్రత్తగా ఏరి పొయ్యిలో వేస్తావు కదా. ఇన్నాళ్ళలో ఎన్ని గుప్పిళ్ళు వేశావు పెద్దమ్మా? ఒక్క మాట రాయలేకపోయావా?

అడగడానికి వీల్లేదు. పరీక్షాధికారి పలక మీద కాగితం పెట్టుకుని పక్కనే నిలబడింది. అద్దంలో నువ్వు నన్ను చూస్తున్నావు. నోరు విప్పకూడదని చెప్పాను కదా, బడిపిల్లలా పెదాలు బిగబట్టి కూర్చున్నావు. అప్పుడు నాకు చెప్పడానికి అనుమతి ఉన్న మాట ఒక్కటే మిగిలింది. "తల కొంచెం ఇటు తిప్పుతాను, నొప్పెడితే చెయ్యెత్తండి" అన్నాను. నువ్వు కళ్ళు మూసుకున్నావు. కన్నీళ్ళు నీ గడ్డం దాకా జారాయి. తుడవబోయి ఆగాను, అది కూడా సైగ అనుకుంటారేమోనని.

ఆ చోటికి వేడి దువ్వెన పోనివ్వలేదు. పరీక్షాధికారి గమనించి, "ఆ భాగం వదిలేశావేం?" అంది. "అక్కడ చర్మం బలహీనంగా ఉందండీ, వేడి తగిలితే మళ్ళీ మొలవదు" అన్నాను. ఆవిడ వంగి చూసి ఏదో రాసుకుంది. మంచిదో చెడ్డదో తెలియదు. పై నుంచి ఒక పాయ తెచ్చి అలలు తీర్చి దాన్ని కప్పేశాను. కప్పేస్తున్నప్పుడు నీ తల బరువు నా అరచేతిలో ఉంది. నేను ఎప్పుడూ నిన్ను అలా పట్టుకోలేదు.

మర్నాడు చర్చి ఆఫీసుకి ఫోన్ చేసి మిస్ ఓజెల్లాని పిలిపించాను. "మీ పెద్దమ్మ నీకు చెప్పలేదా? ఏప్రిల్లోనే తీసేశారు కదే. బడి తలుపు దగ్గర టీచరమ్మని ఆపేసి, లోపల తన వస్తువులు కూడా తీసుకోనివ్వలేదు" అంది. అప్పుడు నేను రాసిన ముక్క గుర్తొచ్చింది. ఆ బడినే కావిలించుకుని ఉండమన్నాను. నువ్వు దాన్ని చదివి, బస్సెక్కి, నా కుర్చీలో కూర్చున్నావు.

మిసెస్ ఫెనెల్ చెల్లెలికి ఫిలడెల్ఫియాలో పెద్ద దుకాణం ఉంది. లైసెన్స్ వస్తే చోటిస్తానంది. నిన్ను తీసుకుని అక్కడికి వెళ్ళిపోతాను. ఆ ఊళ్ళో ఇంక మనకేముంది?

నన్ను క్షమించు.

ఆర్నెటా

కేడ్స్‌బరో
1956 జూన్ 3

ఆర్నెటాకు,

మాట్లాడకూడదన్నావు, మాట్లాడలేదు. సాయంత్రం దాకా ఉంటే ఆగలేనని తెలిసి బస్సెక్కేశాను. నీకు చెప్పకపోవడానికి కారణం ఒకటే. చెబితే పరీక్ష వదిలేసి ఇంటికొచ్చేస్తావు. నువ్వు డెల్ఫీన్ కూతురివి.

నా వంతు మార్చి చివర్లో వచ్చింది. నీ కోపపు ఉత్తరం నా సంచిలోనే ఉంది. మన నల్లవాళ్ళ హక్కుల సంఘంలో ఉన్నావా అని అడిగారు. లేననేద్దామని నోటిదాకా వచ్చింది. నాకు ముందు వెళ్ళినవాళ్ళు లేమనే చెప్పారు, వాళ్ళని తప్పు పట్టను, ఇళ్ళల్లో పిల్లలున్నారు. కానీ ఆ గది పక్కనే మా మూడో తరగతి. పిల్లలు ఎక్కం చదువుతున్నది వినిపిస్తోంది. అబద్ధం చెబితే బెత్తం చూపించే మనిషిని నేనే. ఉన్నానండీ, చందా కూడా కడుతున్నాను అన్నాను. ఆయన సిరా బుడ్డి మూత పెట్టుకున్నారు.

నాకు చదువు ఇచ్చినది ఇదీ అని మీ అమ్మకి చూపించాలనుకున్నాను. నాకు ఉద్యోగం ఇచ్చినవాళ్ళే తీసుకున్నారు. ఒక్క మాటతో పోయింది. పరువు పోయిందని కాదు, రోజూ పొద్దున్నే తయారై కుర్చీలో కూర్చుంటున్నాను, ఎక్కడికి వెళ్ళాలో తెలియక.

కొలంబియా నుంచి వచ్చాక ఆదివారం టోపీ లేకుండా చర్చికి వెళ్ళాను. నువ్వు తీర్చిన అలలు చెదరలేదు. ఫ్లోసీ నా చుట్టూ తిరిగి చూసి, "ఎవరు చేశారే ఇంత బాగా?" అంది. నా చెల్లెలి కూతురు, బ్యూటీషియన్ చదువుతోంది అన్నాను. "మరి ఎముకలో?" అంది. ఎముకల మీద ఉండేది జుట్టే కదా అన్నాను. ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది.

జుట్టు పాడవకూడదని ఆ తరవాతి శనివారం ఓజెల్లా దుకాణానికి వెళ్ళాను. నేనెప్పుడూ లోపలికి అడుగుపెట్టలేదు. అక్కడ ఆడవాళ్ళు మాట్లాడే మాటలు నేను చర్చిలో వినలేదు, బడిలో వినలేదు. ఓటు నమోదుకి వెళ్తే రాజ్యాంగంలోంచి ఒక పేరా చదవమంటారట, తడబడితే వెళ్ళగొడతారట. ఒకావిడ తల నిండా సబ్బుతోనే, "టీచరమ్మా, ఆ పేరా మాకు నేర్పుతావా?" అంది. "సూపరింటెండెంట్ గారికి తెలిస్తే?" అన్నాను, అలవాటుకొద్దీ. దుకాణమంతా నవ్వింది. ఓజెల్లా దువ్వెన ఆపి, "తెలిస్తే ఏం చేస్తాడు, నా ఉద్యోగం తీసేస్తాడా? ఈ తలలన్నీ ఆయన కడుగుతాడా?" అంది.

ఇంటికొచ్చి ఆ మాటే తలచుకున్నాను. నిన్ను ఎవరూ పిలిచి ఆ ప్రశ్న అడగలేని చోట పెట్టాలని డెల్ఫీన్‌కి మాటిచ్చాను. ఆ చోటు బడి అనుకున్నాను.

నేను ఫిలడెల్ఫియా రాను. నువ్వు వెళ్ళాలనుకుంటే వెళ్ళు, నిజంగానే అంటున్నాను. ఓజెల్లాకి చేతులు వణుకుతున్నాయి, ఆ కుర్చీ నీకిస్తానంటోంది. ఈ మాట నిన్ను లాగడానికి రాయడం లేదు. తెలియకుండా నిర్ణయించుకోకూడదని రాశాను.

పెద్దమ్మ

కొలంబియా
1956 జూన్ 17

పెద్దమ్మా,

నీ ఉత్తరం చివర సంతకం చూసి ముందు అదే చదివాను, తరవాతే మిగతాది.

ఫిలడెల్ఫియాకి వద్దని చెప్పేశాను. మిసెస్ ఫెనెల్ కళ్ళద్దాలు తీసి, "పెద్ద ఊరు, పెద్ద పేరు వదులుకుంటున్నావు. చిన్న ఊళ్ళో ఒకే తలని ముప్ఫై ఏళ్ళు దువ్వాలి, తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. ఆ తలలు నాకు పేర్లతో సహా తెలుసు. ఇక్కడి పని ముగించుకుని జులై రెండో శుక్రవారం బస్సుకి ఇంటికొస్తాను.

ఫలితం ఇంకా రాలేదు. ఇంటి చిరునామాకే పంపిస్తారట. తప్పానని వస్తే మళ్ళీ రాస్తాను, నువ్వు మళ్ళీ కూర్చోవాలి. చెవి వెనక కొబ్బరినూనె రోజూ రాయి, గట్టిగా రుద్దకు.

నీ
ఆర్నెటా

కేడ్స్‌బరో
1956 జులై 8

అమ్మలూ,

లైసెన్స్ వచ్చింది. నీ పేరు మీద వచ్చిన కవరు విప్పకూడదు, కానీ విప్పాను. ముద్ర మీద వేలు పెట్టి తడిమి చూశాను. ఓజెల్లా దుకాణంలో అందరి చేతులూ మారి నా దగ్గరికి వచ్చేసరికి దాని మీద ఒక నూనె చుక్క పడింది. తిట్టకు. ముందు గదిలో నా టీచర్ సర్టిఫికెట్ ఉన్న గోడకే దాన్ని వేలాడదీశాను. నాది తియ్యలేదు, కొంచెం జరిపి చోటు చేశాను.

శనివారాలు ఆ పేరా నేర్పుతున్నాను. ఫ్లోసీ మూడు వాక్యాలు తడబడకుండా చదివింది. నలుగురు నమోదుకి వెళ్ళొచ్చారు, ఇద్దరిని వెళ్ళగొట్టారు. మళ్ళీ వెళ్తామంటున్నారు. నువ్వు వచ్చాక అద్దానికి ఎదురుగోడ నాకు వదిలెయ్యి, నల్లబల్ల పెట్టుకుంటాను. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి అద్దంలో అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి గానీ, లేచాక చదువుతారు.

చెవి వెనక సన్నగా నూగు మొలుస్తోంది. తెల్లగా వస్తోంది, ఏంచేస్తాం.

నిన్న ఓజెల్లా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. మన వీధి చివర ముసలావిడ పోయింది. ఓజెల్లా చెయ్యి వణుకుతుంటే నేను దువ్వెన పట్టుకోవడానికి సాయం చేశాను. నీకు రాసిన మొదటి ఉత్తరంలో ఆ పని గురించి ఎంత మాట రాశానో నాకు గుర్తుంది. ఆ గదిలో నిలబడ్డాక నీకు ఒకటి చెప్పాలనిపించింది.

నా వంతు వచ్చిన రోజు నా జుట్టు నువ్వే దువ్వాలి. మొన్న పరీక్షలో మన ఇద్దరికీ నోరు కట్టేశారు. నువ్వు అద్దంలో నన్ను చూస్తూ ఎన్ని మాటలు మింగావో నేను చూశాను. ఆ రోజు అక్కడ పలక పట్టుకుని ఎవరూ నిలబడరు. నేను జవాబు చెప్పలేకపోయినా ఫరవాలేదు, నువ్వు మాట్లాడుతూ దువ్వు. తల ఇటు తిప్పుతానని చెప్పి తిప్పు.

శుక్రవారం బస్సుకి వస్తానన్నావు కదా. స్టాపులో ఉంటాను, టోపీ లేకుండా.

పెద్దమ్మ